ఒకే ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్, నాలుగు సర్వర్లు: ఫైల్ క్రియేషన్ ఒకసారి అవుతుంది, ఒకసారి ఎర్రర్ వస్తుంది

నీలిమేఘం:
అందరికీ నమస్కారం. ఒక లైనక్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) సర్వర్ ఉంది, దాని షేర్‌ని, అంటే పంచిన ఫోల్డర్‌ని, నాలుగు అప్లికేషన్ సర్వర్లలో మౌంట్ చేశాం (సొంత ఫోల్డర్‌లా తగిలించాం). నాలుగూ వర్చువల్ మెషీన్లే. ఒక్కో సర్వర్‌లో రిపోర్టులు తయారుచేసే జాబ్ నడుస్తుంది. ఆ రోజు తేదీతో ఫోల్డర్ లేకపోతే క్రియేట్ చేసి అందులో ఫైల్ రాస్తుంది. తర్వాత వేరే సర్వర్ ఆ ఫైల్‌ని తీసుకుని ముందుకు పంపుతుంది.

మొదట్లో రెండే సర్వర్లు ఉండేవి, ఏ ఇబ్బందీ రాలేదు. నాలుగు చేశాక మొదలైంది. ఒకసారి "ఫైల్ ఎగ్జిస్ట్స్" అంటుంది, ఒకసారి "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది, అప్పుడప్పుడు "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్". అదే జాబ్‌ని మళ్లీ నడిపితే చాలాసార్లు మామూలుగా అయిపోతుంది. డిస్క్‌లో ఖాళీ బోలెడుంది. నాలుగింటిలోనూ యూజర్ ఐడీ ఒకటే. ఏ రోజు ఏ రిపోర్టు ఆగుతుందో తెలియక టీమ్ అంతా టెన్షన్‌లో ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రాత్రికాపలా:
ఫోల్డర్‌కి 777 పర్మిషన్ (అందరికీ అన్ని హక్కులూ) ఇచ్చి చూడండి. అప్పటికీ వస్తుంటే మౌంట్ ఆప్షన్లలో నోఏసీ పెట్టండి, ఫైల్ వివరాల క్యాషింగ్ (క్లయింట్, అంటే షేర్‌ని వాడే మెషీన్, వాటిని గుర్తుపెట్టుకోవడం) ఆగిపోతుంది. చాలామందికి దాంతో సర్దుకుంది.

చుక్కాని:
నీలిమేఘం గారూ, ఆ రెండూ ఇప్పుడే చేయొద్దు. మీరు చెప్పిన మూడు ఎర్రర్లలో ఒక్కటి కూడా పర్మిషన్‌ది కాదు. పర్మిషన్ సమస్యయితే ఎర్రర్ నంబర్ 13 వస్తుంది, కొన్ని సందర్భాల్లో 1 వస్తుంది. మీకొచ్చినవి వరుసగా 17, 2, 5. షేర్ తలుపులు బార్లా తెరిస్తే ఈ మూడూ అలాగే ఉంటాయి, పైగా భద్రత పోతుంది. నోఏసీ పెడితే ఫైల్ వివరాలు కావాల్సిన ప్రతిసారీ క్లయింట్ సర్వర్‌ దగ్గరికి పరుగెత్తాలి, రాతలన్నీ సింక్రనస్ అయిపోతాయి, అంటే సర్వర్ అందిందనే దాకా ప్రతి రాతా ఆగాలి. రాత్రి జాబ్ తెల్లారినా పూర్తికాకపోవచ్చు.

మూడు ఎర్రర్లున్నాయంటే మూడు కారణాలు ఉండొచ్చు. అన్నిటినీ "ఎన్‌ఎఫ్‌ఎస్ ప్రాబ్లం" అని ఒకే మూటలో కట్టేస్తే ఏదీ తేలదు. ప్రతి ఎర్రర్‌కీ ముందు ఒకటి తెలియాలి: ఆ మాట అన్నది ఎవరు? సర్వర్ అన్నదా, మధ్యలో నెట్‌వర్క్ తెగి క్లయింట్ అన్నదా, లేక క్లయింట్ తన క్యాష్‌ని చూసుకుని సర్వర్‌ని అడక్కుండానే అనేసిందా? మందు దాన్నిబట్టే మారుతుంది.

మీ దగ్గర నుంచి ఇవి కావాలి. ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ కమాండ్‌కి ఎం ఆప్షన్ ఇస్తే నిజంగా అమల్లో ఉన్న మౌంట్ ఆప్షన్లు చూపిస్తుంది. ఎఫ్‌స్టాబ్ అనే సెట్టింగ్ ఫైల్‌లో రాసింది కాదు, అమల్లో ఉన్నదే పెట్టండి. రెండోది, ఎర్రర్ వచ్చే జాబ్‌ని స్ట్రేస్ (ప్రోగ్రాం కెర్నల్‌ని అడిగే పనులు, అంటే సిస్టమ్ కాల్స్ చూపించే టూల్) కింద నడిపి ఏ సిస్టమ్ కాల్ దగ్గర ఏ నంబర్ వచ్చిందో చూడండి. మూడోది, ఏ ఎర్రర్ ఏ మెషీన్‌లో, ఏ టైమ్‌కి వచ్చిందో విడివిడిగా రాయండి. నాలుగు మెషీన్ల గడియారాలూ సర్వర్ గడియారంతో కలిసి ఉన్నాయో లేదో క్రోనీ అనే టైమ్ సింక్ ప్రోగ్రాంతో ముందే సరిచూసుకోండి, లేకపోతే లాగ్‌లు పోల్చడమే కుదరదు.

తీగలాగితే:
ఖాళీ ఉందన్నారు కదా, ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కీ ఒకటి చొప్పున పట్టే ఎంట్రీలు) కూడా చూశారా? డీఎఫ్ కమాండ్‌కి ఐ ఆప్షన్ ఇస్తే తెలుస్తుంది. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉన్న షేర్‌లో జీబీలు మిగిలే ఉంటాయి, ఐనోడ్లు మాత్రం నిండిపోతాయి. అప్పుడు వచ్చేది 28. కోటా దాటితే 122. మీవి అవి కావు కానీ, ఈ థ్రెడ్ చదివే వేరేవాళ్లకి పనికొస్తుంది.

నీలిమేఘం:
చుక్కాని గారూ, అడిగినవన్నీ తీశాను. ఐనోడ్లు సగం కూడా వాడలేదు. గడియారాలు కలిసే ఉన్నాయి.

మౌంట్ ఆప్షన్లు నాలుగింటిలోనూ ఇవే: ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4.2, సాఫ్ట్, టైమియో 50, రీట్రాన్స్ (ఎన్నిసార్లు మళ్లీ పంపాలి) 2, సెక్యూరిటీ సిస్ (క్లయింట్ చెప్పిన యూజర్, గ్రూప్ ఐడీలనే నమ్మడం). క్యాష్ ఆప్షన్లు ఏవీ విడిగా ఇవ్వలేదు.

17 వచ్చేది ఎప్పుడూ ఎంకేడిర్ (ఫోల్డర్ క్రియేట్ చేసే) కాల్ దగ్గరే. అర్ధరాత్రి దాటగానే, తేదీ మారిన మొదటి నిమిషాల్లోనే వస్తుంది. 2 వచ్చేది ఫైల్ తీసుకెళ్లే సర్వర్‌లో, ఓపెన్ కాల్ దగ్గర. ఫైల్ ఉందని ఇంకో సర్వర్‌లో కళ్లారా చూస్తున్నాం, ఇక్కడ లేదంటుంది. ఆ ఫోల్డర్‌లో ఎల్‌ఎస్ కొడితే కనిపిస్తుంది! 5 మాత్రం ఏ టైమ్‌లోనైనా వస్తుంది, కొత్తగా పెట్టిన రెండు సర్వర్లలోనూ, పాతదాంట్లో ఒకదానిలోనూ.

చుక్కాని:
ఇలా విడదీసి పెట్టారు, సగం పని అయిపోయింది. ఒక్కొక్కటి చూద్దాం.

ముందు 17. మీ జాబ్ "ఫోల్డర్ ఉందా?" అని చూసి, లేదంటే క్రియేట్ చేస్తోంది. చూడటానికీ చేయడానికీ మధ్య సందు ఉంది. అర్ధరాత్రి నాలుగు సర్వర్లూ ఒకేసారి చూస్తాయి, నాలుగింటికీ లేదనే కనిపిస్తుంది, నాలుగూ ఎంకేడిర్ పంపుతాయి. ఒకటి గెలుస్తుంది, మిగతా మూడింటికీ 17. సర్వర్ చెప్పింది అక్షరాలా నిజం. రెండు సర్వర్లున్నప్పుడు కూడా ఈ సందు ఉంది, ఢీకొనే అవకాశం తక్కువగా ఉండేదంతే. పైగా "లేదు" అన్న జవాబు క్లయింట్ క్యాష్ నుంచి కూడా రావచ్చు, అప్పుడు సందు ఇంకా పెద్దదవుతుంది.

దీనికి మౌంట్ ఆప్షన్లలో మందు లేదు, కోడ్ మార్చాలి. ముందుగా చూడటం మానేయండి. నేరుగా ఎంకేడిర్ చేయండి. 17 వస్తే అది ఫోల్డరేనా అని ఒకసారి చూసుకుని ముందుకెళ్లండి. షెల్ స్క్రిప్ట్ అయితే ఎంకేడిర్‌కి పీ ఆప్షన్ ఇస్తే ఆ పని అదే చేసుకుంటుంది.

తర్వాత 2. ఇది క్లయింట్ క్యాష్. ఫైల్ తీసుకెళ్లే సర్వర్ ఒకసారి వెతికితే దొరకలేదు. "ఈ పేరు లేదు" అన్న సంగతిని కూడా లైనక్స్ క్లయింట్ గుర్తుపెట్టుకుంటుంది. పై డైరెక్టరీ వివరాలు మారాయని తెలిసేదాకా అదే జవాబు చెబుతుంది. డైరెక్టరీ వివరాల్ని ఎంతసేపు నమ్మాలన్నది ఏసీడిర్‌మిన్, ఏసీడిర్‌మాక్స్ చూసుకుంటాయి. ఏమీ ఇవ్వకపోతే 30 సెకన్లు, 60 సెకన్లు. అందుకే ఇంకో సర్వర్ అప్పుడే క్రియేట్ చేసిన ఫైల్ ఇక్కడ అర నిమిషం, నిమిషం కనిపించకపోవచ్చు. ఎల్‌ఎస్ కొట్టినప్పుడు డైరెక్టరీని తెరవాలి కాబట్టి క్లయింట్ వెళ్లి సర్వర్‌ని అడుగుతుంది, ఫైల్ ప్రత్యక్షమవుతుంది.

నోఏసీ బదులు, ఫైల్ తీసుకెళ్లే ఆ ఒక్క సర్వర్‌లో లుకప్‌క్యాష్ ఆప్షన్‌ని పాస్, అంటే పాజిటివ్ అని పెట్టండి. ఉన్న పేర్లు క్యాష్‌లో ఉంటాయి, లేని పేర్లని మాత్రం ప్రతిసారీ సర్వర్‌ని అడుగుతుంది. భారం తక్కువ, పని జరుగుతుంది.

ఇక 5. రెండు అనుమానాలున్నాయి. మొదటిది సాఫ్ట్. టైమియో, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న లెక్క, సెకనులో పదో వంతుల్లో ఉంటుంది. మీరు పెట్టిన 50 అంటే 5 సెకన్లు. టీసీపీ మీద ఏమీ ఇవ్వకపోతే ఉండేది 600, అంటే 60 సెకన్లు. మళ్లీ పంపిన ప్రయత్నాలతో కలిపి, మీ సర్వర్ కాస్త బిజీగా ఉండి అర నిమిషం పలకకపోతే చాలు, క్లయింట్ చేతులెత్తేసి అప్లికేషన్‌కి 5 ఇచ్చేస్తుంది. రాసే షేర్‌కి సాఫ్ట్ పెట్టడం ప్రమాదం. డేటా సగం రాసి ఆగిపోవచ్చు, ఆ సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు. హార్డ్ పెట్టండి (సర్వర్ పలికేదాకా క్లయింట్ ఆగుతుంది), టైమియో తీసేయండి.

రెండో అనుమానానికి ఒక ప్రశ్న. కొత్త సర్వర్లని ఎలా తయారుచేశారు? పాత మెషీన్‌ని క్లోన్ చేశారా? నాలుగింటి హోస్ట్‌నేమ్‌లు ఏమిటి?

కొత్తచిగురు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నా ప్రశ్న కూడా దగ్గరిదే. మా దగ్గర పర్మిషన్ డినైడ్, నంబర్ 13. ఒక యూజర్‌కే వస్తుంది. అదే ఫోల్డర్‌లో, అదే గ్రూప్‌లో ఉన్న మిగతావాళ్లు ఫైళ్లు బాగానే క్రియేట్ చేస్తున్నారు. ఐడీ కమాండ్‌లో ఆ గ్రూప్ ఆ యూజర్‌కి కనిపిస్తోంది కూడా.

తీగలాగితే:
కొత్తచిగురు గారూ, ఆ యూజర్ మొత్తం ఎన్ని గ్రూపుల్లో ఉన్నారో లెక్కపెట్టండి. సెక్యూరిటీ సిస్ అయితే ప్రతి రిక్వెస్ట్‌తో పాటు క్లయింట్ అదనపు గ్రూప్ ఐడీలు 16 మాత్రమే పంపగలదు. ఎన్‌ఎఫ్‌ఎస్ కింద ఉండే ఆర్‌పీసీ ప్రోటోకాల్‌లోనే ఆ హద్దు ఉంది. 20 గ్రూపుల్లో ఉన్న మనిషికి మీ ఫోల్డర్ గ్రూప్ ఆ 16లో పడకపోతే, సర్వర్ దృష్టిలో ఆ యూజర్ ఆ గ్రూప్‌లో లేనట్టే. క్లయింట్‌లో చూస్తే మాత్రం అంతా సరిగ్గానే కనిపిస్తుంది.

సర్వర్‌లో మౌంట్‌డీ అనే ఎన్‌ఎఫ్‌ఎస్ ప్రోగ్రాంకి మేనేజ్ జిడ్స్ ఆప్షన్ ఆన్ చేయండి. ఎన్‌ఎఫ్‌ఎస్ కాన్ఫ్ ఫైల్‌లో మౌంట్‌డీ విభాగం కింద పెట్టొచ్చు. అప్పుడు క్లయింట్ పంపిన జాబితాని పక్కనపెట్టి, ఆ యూజర్ ఏయే గ్రూపుల్లో ఉన్నాడో సర్వరే చూసుకుంటుంది. షరతు ఒకటి ఉంది: యూజర్లు, గ్రూపులు సర్వర్‌కి కూడా తెలిసి ఉండాలి. ఎల్‌డాప్ (యూజర్ల వివరాలు ఒకేచోట ఉంచే డైరెక్టరీ) వాడుతుంటే సర్వర్‌ని కూడా దానికి కలపాలి. లేకపోతే ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లకి కూడా ఆగిపోతుంది. సర్వర్ ఈ జాబితాల్ని కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, గ్రూప్ మార్చిన వెంటనే ఫలితం కనిపించకపోతే కంగారు పడొద్దు.

కొత్తచిగురు:
లెక్కపెట్టాను, 23 గ్రూపులు. సర్వర్ ఎల్‌డాప్‌లో లేదు, ముందు అది కలుపుతాం. చాలా థాంక్స్ అండీ.

రాత్రికాపలా:
మా పాత షేర్ ఒకటి ఇంకా వెర్షన్ 3లో ఉంది. అక్కడ జాబ్ నడిపేది ఒక్క సర్వరే, పోటీ పడేవాళ్లు లేరు. అయినా ఎంకేడిర్‌కి ఒక్కోసారి 17 వస్తుంది. చుక్కాని గారు చెప్పిన సందు ఇక్కడ లేదు కదా?

చుక్కాని:
మంచి ప్రశ్న. అది రీట్రాన్స్‌మిషన్ అయ్యుండొచ్చు. క్లయింట్ ఎంకేడిర్ పంపింది, సర్వర్ ఫోల్డర్ క్రియేట్ చేసింది, ఆ జవాబు తిరిగొచ్చేలోపు కనెక్షన్ తెగింది. జవాబు రాలేదు కాబట్టి క్లయింట్ అదే రిక్వెస్ట్‌ని మళ్లీ పంపుతుంది. సర్వర్ దాన్ని కొత్త రిక్వెస్ట్ అనుకుంటే "ఇప్పటికే ఉంది" అంటుంది. క్రియేట్ చేసింది మీరే, ఉందని ఎర్రర్ వచ్చిందీ మీకే. ఫైల్ తీసేసేటప్పుడు, పేరు మార్చేటప్పుడు ఇదే తంతు జరిగితే 17 బదులు 2 వస్తుంది.

ఇలా జరగకుండా సర్వర్ ఈమధ్య ఇచ్చిన జవాబుల్ని గుర్తుపెట్టుకుంటుంది, దాన్ని డూప్లికేట్ రిక్వెస్ట్ క్యాష్ అంటారు. కానీ దాని సైజుకి హద్దుంది, పైగా ఉండేది మెమరీలో. సర్వర్ రీబూట్ అయినా, ఫెయిల్‌ఓవర్ జరిగినా (పని వేరే సర్వర్‌కి మారినా) ఖాళీ అయిపోతుంది. వెర్షన్ 4.1లో సెషన్లు వచ్చాక ఈ పని పద్ధతిగా జరుగుతోంది. ప్రతి రిక్వెస్ట్‌కీ స్లాట్, వరుస నంబర్ ఉంటాయి కాబట్టి రెండోసారి వచ్చింది పాతదేనని సర్వర్ గుర్తుపడుతుంది. కుదిరితే ఆ షేర్‌ని 4.1కో 4.2కో మార్చండి. ముందు ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్‌కి సీ ఆప్షన్ ఇచ్చి రీట్రాన్స్ అంకె పెరుగుతోందో లేదో చూడండి. పెరుగుతుంటే నెట్‌వర్క్‌ని కూడా చూడాలి.

ఫైళ్ల విషయంలో వెర్షన్ 3 మరీ అంత అధ్వానం కాదు. ఓపెన్‌లో క్రియేట్‌తో పాటు ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్ కూడా ఇస్తే, క్లయింట్ 8 బైట్ల వెరిఫయర్ (గుర్తింపు అంకె) ఒకటి పంపుతుంది. సర్వర్ దాన్ని ఫైల్‌తో పాటే దాచుకుంటుంది. రిక్వెస్ట్ రెండోసారి వచ్చి వెరిఫయర్ కలిస్తే ఎర్రర్ ఇవ్వకుండా సరే అంటుంది. ఎంకేడిర్‌కి ఆ సదుపాయం లేదు. వెర్షన్ 2లో ఫైళ్లకి కూడా లేదు. అందుకే పాత ప్రోగ్రాములు వేరే పేరుతో ఫైల్ క్రియేట్ చేసి, దాన్ని లాక్ పేరుకి హార్డ్ లింక్ చేసి (అదే ఫైల్‌కి రెండో పేరు పెట్టి), లింక్ కౌంట్ 2 అయిందో లేదో చూసుకునేవి. లింక్ కాల్ ఏ జవాబిచ్చినా, అసలు సంగతి కౌంటే చెబుతుంది.

నీలిమేఘం:
చుక్కాని గారూ, అవును, పాత సర్వర్లలో ఒకదాన్నే క్లోన్ చేసి రెండూ తయారుచేశాం. హోస్ట్‌నేమ్ మార్చడం ఎవరూ చూసుకోలేదు. ఐపీలు వేరే, పేరు మాత్రం మూడింటికీ ఒకటే! 5 వచ్చేది సరిగ్గా ఆ మూడింటిలోనే. నాలుగోదాని పేరు వేరు, అక్కడ ఒక్కసారి కూడా రాలేదు. కానీ పేరుకీ ఫైల్ క్రియేషన్‌కీ ఏమిటి సంబంధం?

చుక్కాని:
వెర్షన్ 4లో చాలా దగ్గరి సంబంధం. వెర్షన్ 3 సర్వర్‌కి ఏ క్లయింట్ ఏ ఫైల్ తెరిచిందో గుర్తుంచుకోవాల్సిన పనిలేదు. 4లో ఆ గుర్తు తప్పనిసరి. ఓపెన్లు, లాక్‌లు, లీజు (ఆ హక్కులు చెల్లే గడువు) అన్నీ ఒక్కో క్లయింట్ పేరు మీద సర్వర్ దగ్గర ఉంటాయి. లైనక్స్ క్లయింట్ తనని తాను పరిచయం చేసుకునేటప్పుడు, విడిగా ఏమీ చెప్పకపోతే, ఆ గుర్తింపుని హోస్ట్‌నేమ్‌తోనే తయారుచేస్తుంది. దాంతో పాటు, ఇది ఏ బూట్ తాలూకుదో చెప్పే వెరిఫయర్ కూడా పంపుతుంది.

ఇప్పుడు మీ మూడు మెషీన్లూ ఒకే పేరు చెబుతున్నాయి, వెరిఫయర్లు మాత్రం వేరు. సర్వర్‌కి ఎలా కనిపిస్తుంది? "ఈ క్లయింట్ రీబూట్ అయి మళ్లీ వచ్చింది, పాత స్టేట్ చెల్లదు" అనుకుని, మొదటి మెషీన్ తెరిచినవన్నీ కొట్టేస్తుంది. మొదటిది ఫైల్ క్రియేట్ చేయబోతే నీ సెషన్ లేదంటుంది. అది మళ్లీ పరిచయం చేసుకుంటుంది, ఈసారి రెండోదాని స్టేట్ పోతుంది. ఇలా ముగ్గురూ ఒకరినొకరు తోసేసుకుంటూ ఉంటారు. తోపులాట మధ్యలో పడిన ఓపెన్‌కి 5 వస్తుంది, మళ్లీ నడిపితే అయిపోతుంది.

సర్వర్ కెర్నల్ 5.3 గానీ ఆపైది గానీ అయితే మీరే చూడొచ్చు. ప్రాక్ డైరెక్టరీలో ఎఫ్‌ఎస్, దాని కింద ఎన్‌ఎఫ్‌ఎస్‌డీ, అందులో క్లయింట్స్ డైరెక్టరీ ఉంటుంది. ఒక్కో క్లయింట్‌కీ ఇన్ఫో ఫైల్ ఉంటుంది, అందులో పేరు, అడ్రస్ కనిపిస్తాయి. నాలుగు మెషీన్లుంటే నాలుగు ఉండాలి. మీకు అంతకంటే తక్కువ ఉంటాయి, వాటిలో ఒకదాని అడ్రస్ మారుతూ ఉంటుంది.

ప్రతి మెషీన్‌కీ వేరే హోస్ట్‌నేమ్ ఇవ్వండి. అది మౌంట్ కాకముందే సెట్ అయ్యేలా చూడండి. పేరు మార్చలేని పరిస్థితైతే ఎన్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్‌కి ఎన్‌ఎఫ్‌ఎస్4 యూనిక్ ఐడీ అనే పారామీటర్ ఉంది, దానికి మెషీన్‌కొకటి చొప్పున విలువ ఇవ్వొచ్చు. ఏది చేసినా ఆ సర్వర్ తాలూకు మౌంట్లన్నీ ఒకసారి పూర్తిగా తీసి మళ్లీ పెట్టాలి. ఒక్క మౌంట్ మిగిలినా పాత గుర్తింపే కొనసాగుతుంది. ఆ విలువని మెషీన్ ఐడీ ఫైల్ నుంచి తీసుకుందామని అనిపిస్తుంది, కానీ క్లోన్ చేసినప్పుడు ఆ ఫైల్ కూడా అదే వచ్చి ఉంటుంది. క్లోన్‌కి వాడే ఇమేజ్‌లో దాన్ని ఖాళీ చేసి పెట్టుకోండి.

అక్షరమాల:
ఇంకో రకం కూడా చెబుతాను, తెలుగు పేర్లతో ఫైళ్లు దాచేవాళ్లకి పనికొస్తుంది. కొన్ని ఫైళ్లు క్రియేట్ అవుతాయి, కొన్నిటికి 36, అంటే పేరు చాలా పొడవు అని వస్తుంది. లైనక్స్ ఫైల్ సిస్టమ్స్‌లో సాధారణంగా పేరుకి హద్దు 255 బైట్లు. లెక్క అక్షరాల్లో కాదు, బైట్లలో. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి 85 దాటితే కుదరదు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తు అయితే పొల్లు, హల్లు కలిపి రెండు. చివర టెంప్ అనో తేదీయో తగిలించే ప్రోగ్రాం అయితే, అప్పటిదాకా సరిపోయిన పేరు అక్కడ హద్దు దాటుతుంది.

రెండోది ఇంకా చికాకు. ఐత్వం గుర్తుని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద ఇంకో గుర్తుగా విడదీసి కూడా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే. విడదీసిన రూపంలో పేర్లు దాచే పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ నుంచి కాపీ అయిన "చైత్రం" ఫోల్డర్, లైనక్స్‌లో మీరు టైప్ చేసిన "చైత్రం" బైట్లలో వేరు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపిస్తాయి, లేదా ఎదురుగా కనిపిస్తున్న ఫైల్ తెరవబోతే లేదంటుంది. అనుమానం వస్తే ఎల్‌ఎస్ ఫలితాన్ని బైట్లు చూపించే హెక్స్‌డంప్‌లోకి పంపి చూడండి. ప్రోగ్రాంలో పేర్లన్నీ ఎన్‌ఎఫ్‌సీ (గుర్తుల్ని ఒకే కోడ్‌గా కలిపి రాసే యూనికోడ్) రూపంలోకి మార్చాకే క్రియేట్ చేస్తే ఈ తలనొప్పి ఉండదు.

తీగలాగితే:
విండోస్ క్లయింట్లు ఉన్నవాళ్లకి ఒక మాట. విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్‌ఎంబీలో కూడా "లేదు" అన్న జవాబు క్యాష్ అవుతుంది. ఫైల్ నాట్ ఫౌండ్ క్యాష్ ఏమీ మార్చకపోతే 5 సెకన్లు, డైరెక్టరీ క్యాష్ 10 సెకన్లు ఉంటుంది. అక్కడ కూడా వేరే మెషీన్ క్రియేట్ చేసింది కాసేపు కనిపించకపోవచ్చు.

నీలిమేఘం:
అప్‌డేట్ ఇస్తున్నాను. సర్వర్‌లో క్లయింట్స్ డైరెక్టరీ చూశాం, నాలుగు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి, ఒకదాని అడ్రస్ చూసినప్పుడల్లా మారుతోంది. హోస్ట్‌నేమ్‌లు మార్చి, మౌంట్లన్నీ తీసి, హార్డ్‌తో మళ్లీ పెట్టాం. ఇప్పుడు నాలుగూ వేర్వేరుగా కనిపిస్తున్నాయి. 5 మళ్లీ రాలేదు. ఎంకేడిర్ కోడ్ మీరు చెప్పినట్టే మార్చాం, అర్ధరాత్రి గొడవ కూడా ఆగింది.

ఫైల్ తీసుకెళ్లే సర్వర్‌లో లుకప్‌క్యాష్ పాజిటివ్ పెట్టాక ఫైల్ వెంటనే దొరుకుతోంది. కానీ ఒక్కోసారి సగం రాసిన ఫైల్‌నే తీసుకెళ్లిపోతోంది. ఇంతకుముందు ఆలస్యంగా కనిపించేది కాబట్టి ఈ సమస్య బయటపడలేదనుకుంటా.

చుక్కాని:
అవును, ఆ ఆలస్యం దాన్ని కప్పిపెట్టింది. రాసేవాళ్లు అసలు పేరుతో క్రియేట్ చేయకూడదు. అదే డైరెక్టరీలో తాత్కాలిక పేరుతో క్రియేట్ చేయండి. ఆ పేరులో హోస్ట్‌నేమ్, ప్రాసెస్ ఐడీ కలపండి. రాయడం అయ్యాక ఎఫ్‌సింక్ (రాసింది నిల్వలోకి చేర్చే కాల్), తర్వాత క్లోజ్, రెండూ ఏం జవాబిచ్చాయో తప్పకుండా చూడండి. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో డిస్క్ నిండింది, కోటా దాటింది వంటి ఎర్రర్లు రైట్ దగ్గర రాకుండా ఇక్కడ బయటపడతాయి. రెండూ బాగుంటేనే రీనేమ్ చేయండి. రీనేమ్ సర్వర్‌లో ఒక్క దెబ్బకి జరుగుతుంది కాబట్టి, తీసుకెళ్లేవాళ్లకి పూర్తి ఫైల్ కనిపిస్తుంది లేదా అసలు కనిపించదు. తాత్కాలిక ఫైల్‌ని లోకల్ డిస్క్‌లోని టెంప్ ఫోల్డర్‌లో పెట్టి రీనేమ్ చేద్దామంటే కుదరదు, ఫైల్ సిస్టమ్ మారింది కాబట్టి 18 వస్తుంది. కొన్ని లైబ్రరీలు అప్పుడు గుట్టుగా కాపీకి దిగుతాయి, మళ్లీ సగం ఫైల్ సమస్యే.

నీలిమేఘం:
ఇది కూడా చేశాం, బాగుంది. చివరిగా ఒకటి. నిన్న అప్‌డేట్ల కోసం ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తే, అది పైకి వచ్చాక కూడా కొత్త ఫైళ్లు క్రియేట్ చేసే జాబ్‌లన్నీ నిమిషంన్నర దాకా ఆగిపోయాయి. ఎర్రర్ ఏమీ రాలేదు, తర్వాత వాటంతటవే కదిలాయి. ఇంకా ఏదైనా మిగిలిందా?

చుక్కాని:
ఏమీ మిగల్లేదు. అది గ్రేస్ పీరియడ్, లైనక్స్ సర్వర్‌లో మామూలుగా 90 సెకన్లు. పాత క్లయింట్లు తమ ఓపెన్లు, లాక్‌లు తిరిగి చెప్పుకునే దాకా సర్వర్ కొత్త ఓపెన్లు ఒప్పుకోదు, క్లయింట్ ఓపిగ్గా మళ్లీ మళ్లీ అడుగుతుంది. జాబ్‌లకి మీరు పెట్టిన టైమ్‌అవుట్ ఏదైనా ఉంటే దాన్ని 90 సెకన్ల కంటే బాగా ఎక్కువ పెట్టుకోండి. గ్రేస్‌ని తగ్గించొద్దు. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్న క్లయింట్ ఆలోపు తన లాక్‌ని తిరిగి తీసుకోలేకపోతే, అది ఇంకొకరి చేతికి పోతుంది.